కొత్త కారు మెరుపును తినేది రోజూ తుడిచే గుడ్డే

షోరూమ్ నుంచి ఇంటికొచ్చిన రోజు కారు బానెట్ మీద పైనున్న ట్యూబ్‌లైటు వంకర లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది. ఏడాది తిరక్కుండానే అదే బానెట్ మీద ఎండ పడితే సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు బయటపడతాయి. నలుపు, ముదురు నీలం, మెరూన్ రంగులైతే ఆరు నెలలు కూడా అక్కర్లేదు. యజమానిని అడిగితే "రోజూ తుడిపిస్తూనే ఉన్నామండీ, అయినా ఇలా అయింది" అంటారు. ఆ గీతలు పడింది ఆ రోజువారీ తుడుపుతోనే. మన దగ్గర కొత్త కారు రంగుకు ఎండ, వాన, దుమ్ము చేసే నష్టం కంటే శుభ్రం చేసే పద్ధతి చేసే నష్టమే ఎక్కువ. ఇది చాలామందికి మింగుడుపడదు కానీ, రంగు పొరలు ఎలా ఉంటాయో తెలిస్తే విషయం సులువుగానే అర్థమవుతుంది.

కారు బాడీ మొత్తాన్ని ముందు ఒక రసాయనపు తొట్టిలో ముంచి, కరెంటు ప్రవహింపజేసి తుప్పు పట్టకుండా ఒక పొర పట్టిస్తారు. దీన్ని ఈ-కోట్ అంటారు, మందం సుమారు 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను). దాని మీద ప్రైమర్, ఆ పైన అసలు రంగు ఉండే బేస్ కోట్. ఈ బేస్ కోట్ చాలా పల్చన, 15 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అన్నిటికీ పైన రంగే లేని, పారదర్శకమైన క్లియర్ కోట్ 40 నుంచి 50 మైక్రాన్ల మందంలో వేస్తారు. మొత్తం కలిపినా 100 నుంచి 130 మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, కారు మెరుపంతా ఆధారపడే ఆ క్లియర్ కోట్ ఒక వెంట్రుక కంటే పల్చనన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు కూడా ఆ క్లియర్ కోట్‌లోనే కలిపి ఉంటాయి. అది అరిగితే మళ్లీ పెరగదు. మెరుపు తెప్పించడం కోసం రుద్దే ప్రతి పనీ ఆ పొరను ఎంతో కొంత తగ్గించేదే.

అయితే ఎప్పటికప్పుడు తుడవడం, పాలిష్ పట్టడం అనే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల రోజుల నుంచి. అప్పట్లో క్లియర్ కోట్ లేదు. రంగే పై పొర. ఎండకు ఆ రంగు సున్నం పూసినట్టు తెల్లబడి పొడిపొడిగా తేలేది. రబ్బింగ్ కాంపౌండ్ అనే గరుకు పేస్టుతో రుద్దితే చచ్చిపోయిన పై పొర పోయి లోపలి తాజా రంగు బయటికొచ్చేది. రుద్దిన గుడ్డకు కారు రంగు అంటుకునేది కూడా. పొర మందంగా ఉండేది కనక ఏళ్ల తరబడి అలా రుద్దినా సరిపోయేది. ఆ రంగుకు ఆ పద్ధతి సరైనదే. క్లియర్ కోట్ ఉన్న కార్లు వచ్చాక రంగు స్వభావం పూర్తిగా మారిపోయింది, చేతి అలవాటు మాత్రం తండ్రుల నుంచి కొడుకులకు, పాత డ్రైవర్ల నుంచి కొత్త డ్రైవర్లకు అలాగే వచ్చేసింది. ఇవాళ సర్వీసింగ్‌కు కారు ఇచ్చినప్పుడు "రబ్బింగ్ పాలిష్ చేయించమంటారా సార్" అన్న ప్రశ్న వినబడుతోందంటే ఆ కాలపు ఆలోచన ఇంకా పోలేదనే.

ఇక దుమ్ము సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల, కరీంనగర్ ప్రాంతంలో నేల కింద ఉన్నది గ్రానైటు. గ్రానైటు అరిగి పొడి అయితే మిగిలేది ఎక్కువగా క్వార్ట్జ్. రాళ్ల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7. మామూలు ఉక్కు చాకుది 5.5 దగ్గర ఉంటుంది. అంటే మన రోడ్ల మీద లేచి కారు మీద వాలే ధూళిలో ఉక్కునే గీయగల రేణువులున్నాయి. క్లియర్ కోట్ ఒకరకమైన ప్లాస్టిక్కే. ఆ ధూళి కారు మీద ఊరికే పడి ఉంటే ఏ హానీ చేయదు. దాని మీద గుడ్డ పెట్టి నొక్కి లాగినప్పుడే గీత పడుతుంది.

ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా పొద్దున అయిదున్నరకు జరిగేది చూడండి. ఒక మనిషి, ఒక బకెట్, ఒకటో రెండో గుడ్డలు. ఎనిమిదింటిలోపు పాతిక కార్లు పూర్తి కావాలి. ఒక్కో కారుకు దొరికేది ఐదారు నిమిషాలు. గుడ్డ ముంచి, పిండి, రూఫ్ మీద నుంచి అద్దాల మీదుగా బానెట్ వరకు ఒకే ఊపులో తుడుస్తాడు. తర్వాత డోర్లు, బంపర్లు, చివరికి చక్రాలు. చక్రాలు తుడిచిన గుడ్డను అదే బకెట్‌లో ముంచి పక్క కారు రూఫ్ మీద వేస్తాడు. మూడో కారుకొచ్చేసరికి బకెట్ నీళ్లు టీ రంగులోకి మారతాయి. బకెట్ అడుగున చేయి పెడితే ఇసుక తగులుతుంది. చక్రాల నుంచి వచ్చిన బ్రేకు పొడి, ఇనుప రజను, ముందు కార్ల మీది ఇసుక అంతా ఆ గుడ్డ పోగుల్లో చిక్కుకుని మిగతా కార్లన్నిటినీ చుట్టివస్తుంది. నెలకు కొన్ని వందలు తీసుకుని ఆ టైములో అంత పని చేసే మనిషిని తప్పుపట్టడం అన్యాయం. కారు రోజూ తడిగుడ్డతో మెరవాలని అడుగుతున్నది యజమానులే.

దీనికి మార్గం ఉంది, ఖర్చూ తక్కువే. రోజూ రంగు మీద చెయ్యి వేయొద్దని, ముందు వెనక అద్దాలు, సైడు మిర్రర్లు, లైట్లు మాత్రమే తుడవమని ఆ మనిషికి చెప్పాలి. దానికీ మన ఇంటి నుంచే గుడ్డ ఇవ్వాలి. డబ్బులు తగ్గించకూడదు. దుమ్ము పట్టిన కారును రెండు వారాలు అలా వదిలేయడానికి మొదట్లో మనసు ఒప్పదు, పక్కవాళ్లు ఏమనుకుంటారోనన్న టెన్షన్ కూడా ఉంటుంది. కానీ ఏడాది తర్వాత సెల్లార్‌లోని కార్లన్నిటినీ ఎండలోకి తెచ్చి పక్కపక్కన నిలబెడితే తేడా తెలియడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. పొడి గుడ్డతో, డస్టర్‌తో దులపడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే రేణువు జారడానికి నీటి తడి కూడా ఉండదు. బయట నిలిపే కార్ల మీద కవరు కప్పడం కూడా అంతే. దుమ్ము మీద కవరు వేస్తే గాలికి అది రాత్రంతా అటూఇటూ కదులుతూ గరుకు కాగితం పని చేస్తుంది. కడిగి ఆరిన కారు మీదే కవరు వేయాలి, లేకపోతే వేయకపోవడమే నయం.

ఈ గీతలు మొదలయ్యే చోటు మరొకటుంది. అది షోరూమే. చెన్నై, పుణె, గురుగ్రామ్, మన పెనుకొండ లాంటి చోట్ల తయారైన కారు ట్రైలర్ల మీదో రైళ్ల మీదో వచ్చి స్టాక్‌యార్డులో వారాల తరబడి ఎండలో ఉంటుంది. డెలివరీకి ముందురోజు హడావిడిగా కడిగి, దొరికిన గుడ్డతో తుడిచి, మెరవడానికి ఏదో పాలిష్ పూసి రిబ్బన్ కడతారు. ఆ పాలిష్‌లో ఉండే నూనెలాంటి పదార్థాలు గీతల్లోకి చేరి వాటిని కప్పేస్తాయి. రెండు మూడు వాష్‌లయ్యాక నూనె పోయి గీతలు తేలతాయి. అందుకే బుక్ చేసినప్పుడే "బాడీకి పాలిష్ పెట్టొద్దు, నీళ్లతో కడిగి వదిలేయండి" అని చెప్పి, రాతపూర్వకంగా కూడా అడగడం మంచిది. రిజిస్ట్రేషన్‌కు ముందు కారు చూడటానికి వెళ్లినప్పుడు ఫోన్ టార్చి వేసి బానెట్‌కు జానెడు దూరంలో పట్టుకోవాలి. వెలుగు చుట్టూ సన్నటి వలయాల్లా గీతలు కనిపిస్తే గట్టిగా రుద్దారని అర్థం. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి వలయాల్లా కనిపిస్తాయి. తెలుపు, వెండి రంగుల్లో ఇవి దాదాపు కంటికి ఆనవు. అలా అని గీతలు పడలేదనుకోకూడదు.

కడగాల్సింది ఎలా

మొదటి సూత్రం ఒకటే. గుడ్డ తగలకముందే వీలైనంత ఇసుకను నీళ్లతోనే దించేయాలి. కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లబడి ఉండాలి. మన ఎండల్లో ముదురు రంగు బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద షాంపూ నీళ్లు పడితే కడిగేలోపే ఆరిపోయి మచ్చలు కడతాయి. ప్రెషర్ వాషర్ ఉంటే రంగుకు కనీసం అడుగు దూరంలో పట్టుకుని పైనుంచి కిందికి కొట్టాలి. పైపు నీళ్లైనా పరవాలేదు. చక్రాలను ముందే, వేరే బకెట్‌తో, వేరే బ్రష్‌తో కడిగేయాలి.

తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌ను షాంపూలో ముంచి ఒక డోరో, సగం బానెట్టో తుడిచాక ముందు ఉత్త నీళ్ల బకెట్‌లో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. ఇసుకంతా ఉత్త నీళ్ల బకెట్‌లో మిగిలిపోతుంది. బకెట్ అడుగున జల్లెడలాంటి గ్రిట్ గార్డ్ వేస్తే దిగిన ఇసుక మళ్లీ పైకి లేవదు. నొక్కక్కర్లేదు, మిట్ బరువు చాలు. గుండ్రంగా తిప్పకుండా తిన్నగా లాగాలి. మిట్ కింద పడితే, ఎంత బాగా దులిపినా, ఆ రోజుకు దాన్ని మళ్లీ రంగు మీద పెట్టకూడదు. బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే లిక్విడ్ వాడితే మురికి పోతుంది కానీ రక్షణగా వేసిన వ్యాక్స్ కూడా పోతుంది, రబ్బరు బీడింగులు ఎండిపోతాయి. కారు షాంపూ ఒక సీసా కొంటే నెలల తరబడి వస్తుంది, అక్కడ పొదుపు చేయాల్సిన అవసరం లేదు.

ఆరబెట్టడంలోనే చాలా కార్లు పాడవుతాయి. పాత పంచె, బనియను, పసుపు గుడ్డ పక్కన పెట్టి, మందమైన మైక్రోఫైబర్ టవల్‌ను తడి బానెట్ మీద పరిచి మెల్లగా లాగితే నీళ్లు దానికవే పీల్చుకుపోతాయి. ఆ టవళ్లను ఇంటి బట్టలతో కలిపి ఉతక్కూడదు, ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలే వేయకూడదు. దానివల్ల పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చవు.

అపార్ట్‌మెంట్లో పైపు పెట్టే వీలు ఎక్కడుంటుంది అన్నది న్యాయమైన ప్రశ్న. పైగా నీటి కరువు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఇలాంటి చోట్లకు పనికొచ్చేది రిన్స్‌లెస్ వాష్, అంటే చివర్లో నీళ్లు పోసి కడగనక్కర్లేని పద్ధతి. నాలుగు లీటర్ల నీళ్లలో సుమారు 15 మిల్లీలీటర్ల ద్రావణం కలుపుతారు. అందులోని పాలిమర్లు ఇసుక రేణువును చుట్టుముట్టి, అది రంగుకు రాసుకోకుండా పైకి ఎత్తుతాయి. ముందు స్ప్రేయర్‌తో కారంతా తడిపి కాసేపు నాననివ్వాలి. అదే నీళ్లలో ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు నానబెట్టి, ఒక్కో గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒక్కో మడతతో ఒక్కో భాగం ఒకేసారి తుడిచి పక్కన పడేయాలి. వాడిన గుడ్డను తిరిగి బకెట్‌లో ముంచకూడదు. బురద కొట్టుకుపోయిన కారుకు ఇది పనికిరాదు, దాన్ని వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లి ముందు నీళ్లు కొట్టించాల్సిందే. మామూలు సిటీ దుమ్ముకు మాత్రం సెల్లార్‌లో బొట్టు నీళ్లు కారకుండా ఒక బకెట్‌తో పని అయిపోతుంది. మన నగరాల్లో ఈ పద్ధతికి రావాల్సినంత ప్రచారం ఇంకా రాలేదు.

నీళ్ల మరకలు

మంజీరా, కృష్ణా నీళ్లతో కడిగిన కారుకు, బోరు నీళ్లతో కడిగిన కారుకు తేడా ఉంటుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. చాలా కాలనీల బోర్లు ఆ పై హద్దు దగ్గరే తిరుగుతుంటాయి. నీళ్లు ఆవిరైపోతాయి, లవణం ఉండిపోతుంది. అందుకే ఆరిన చుక్క చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. ఎండలో అలా మళ్లీ మళ్లీ జరిగితే ఆ వలయం క్లియర్ కోట్‌లోకి దిగి షాంపూతో పోకుండా మొండికేస్తుంది.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే ఒక పొరపాటు గురించి చెప్పుకోవాలి. ఆర్‌వో ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని పట్టి కారు కడుగుతారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆర్‌వో మెషీను మంచినీళ్లను ఒక పక్కకు పంపి, ఉప్పులన్నిటినీ ఇంకో పక్కకు తోసేస్తుంది. ఆ వృథా నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, మెషీనులోకి వెళ్లిన నీళ్లకంటే ఎక్కువ. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోవచ్చు, కారు చక్రాల మీద పోయొచ్చు, బాడీ మీద మాత్రం వద్దు. బోరు నీళ్లే గతి అయితే ఒక్కో వైపే కడిగి వెంటనే టవల్‌తో ఆరబెట్టుకుంటూ పోవాలి. లేదా చివర్లో ఒక బకెట్ వాన నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో పోయాలి. తాజా మరకలకు వంట వెనిగర్‌ను సమానంగా నీళ్లతో కలిపి, గుడ్డ తడిపి, నిమిషం ఉంచి కడిగేస్తే లవణం కరిగిపోతుంది. గట్టిగా రుద్దితే మాత్రం మరక పోయి గీత మిగులుతుంది.

పక్షి రెట్ట, తేనెమంచు, పసుపు కుంకుమ

రోజూ తుడవొద్దని చెప్పాక, వెంటనే తుడవాల్సినవి కూడా చెప్పాలి. పక్షి రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటే ఎండలో క్లియర్ కోట్ కాస్త మెత్తబడి వ్యాకోచిస్తుంది. రాత్రి చల్లబడినప్పుడు ఎండి గట్టిపడ్డ రెట్ట చుట్టూ బిగుసుకుని దాని ఆకారాన్నే అచ్చుగా పట్టేస్తుంది. ఒక్క వేసవి పగలు చాలు ఆ మచ్చ శాశ్వతం కావడానికి. కారులో ఒక చిన్న స్ప్రే సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఎప్పుడూ ఉండాలి. తడిపి, రెండు నిమిషాలు నాననిచ్చి, గోకకుండా ఎత్తి తీసేయాలి. ఎండిన దాన్ని టిష్యూతో రుద్దితే రెట్టలోని గింజలు, ఇసుక గీతలు పెడతాయి.

మామిడి చెట్టు నీడ ఇంకో సమస్య. పూత కాలంలో తేనెమంచు పురుగులు విసర్జించే తియ్యటి జిగురు కింద నిలిపిన కార్ల మీద సన్నటి చుక్కలుగా కురుస్తుంది. చాలామంది చెట్టు జిగురనుకుంటారు. ఎండకు అది గట్టిపడి, మీద నల్లటి బూజు కూడా పడుతుంది. గోరువెచ్చటి నీళ్లకు కరుగుతుంది కాబట్టి తొందరగా కడిగితే ఇబ్బంది లేదు. విశాఖలో పోర్టు వైపు ఉండేవాళ్లకు బొగ్గు పొడి, ఇనుప ఖనిజపు ధూళి, ఉప్పుగాలి మూడూ ఉన్నాయి. అక్కడ రెండు వారాలు ఆగడం ఎక్కువ, వారానికోసారి కడగడమే మేలు.

కొత్త కారుకు వాహన పూజ తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. పూజ వల్ల రంగు పాడవకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. పసుపు, కుంకుమ మరకలు ముఖ్యంగా తెల్ల కారు మీద పట్టుకుంటాయి. నూనె కలిపిన కుంకుమైతే మరీనూ. బొట్లు అద్దం మీద, నంబర్ ప్లేటు మీద పెట్టమని పంతులుగారిని అడిగితే ఆయనేమీ కాదనరు. బానెట్ మీద స్వస్తిక్ వేయాల్సిందే అనుకుంటే ఆ సాయంత్రమే షాంపూ నీళ్లతో తడిపి తీసేయాలి, పొడిగా గోకకూడదు. అసలు గీతలు పెట్టేది పూలదండ లోపలి సన్నటి తీగ. బానెట్ మీద వేసిన దండ ఇల్లు చేరేదాకా గాలికి కదులుతూ రాసుకుంటూనే ఉంటుంది. గుడి దాటగానే దాన్ని తీసి డాష్‌బోర్డు మీద పెట్టుకోవచ్చు. కర్పూరం వెలిగించిన పళ్లెం, కొబ్బరి చిప్పలు బానెట్ మీద పెట్టనీయకుండా ఇంట్లోవాళ్లెవరైనా చూసుకుంటే చాలు.

పాలిష్ ఎప్పుడు, ఎంత

పాలిష్ అంటే పూసేది కాదు, తీసేది. సన్నటి గీత కనబడకుండా పోవాలంటే గీత లోతు వరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను దించాలి. మెషీను మీద ఒక విడత చేస్తే పాలిష్‌ను, ప్యాడ్‌ను బట్టి ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయి. ఉన్నవి 40 నుంచి 50. వాటిలోనూ చివరిదాకా అరగదీసే వీలు లేదు, పై భాగం పల్చబడే కొద్దీ ఎండను ఆపే శక్తి తగ్గుతుంది. రోడ్ల మీద రూఫ్, బానెట్ పొలుసులు లేచి తెల్లగా పాలిపోయిన కార్లు కనిపిస్తుంటాయి. వాటిలో చాలావాటికి ఎండ ఎంత కారణమో ఏటా చేయించిన రబ్బింగ్ కూడా అంతే కారణం.

కాబట్టి కొత్త కారుకు పాలిష్ అవసరం లేదు. ఏళ్లు గడిచాక గీతలు మరీ చికాకు పెడుతుంటే ఒక్కసారి కారు శుభ్రత, పాలిష్ పనులు చేసే మంచి డీటైలింగ్ షాపులో డ్యూయల్ యాక్షన్ మెషీనుతో (ప్యాడు తిరుగుతూనే అటూఇటూ ఊగే రకం) చేయించుకోవచ్చు. అక్కడ ముందుగా పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టి చూస్తారా లేదా అన్నదే ఆ షాపును అంచనా వేయడానికి మొదటి గుర్తు. ఉన్ని ప్యాడు బిగించి గిరగిరా తిప్పే రోటరీ మెషీనుతో అరగంటలో కారంతా మెరిపించి ఇచ్చే చోట జాగ్రత్త. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేసి ఒక చోట తుడవమనండి. గీతలు నిజంగా పోయి ఉంటే అలాగే ఉంటుంది. నూనెతో కప్పి ఉంటే అక్కడికక్కడే బయటపడతాయి. ఇంట్లో టూత్‌పేస్ట్‌తో గీతలు రుద్దడం కూడా పాలిష్ చేయడమే, పైగా ఎంత తీస్తున్నామో తెలియకుండా.

కొత్త కారుకు పనికొచ్చే మరో పరీక్ష ఉంది. కడిగి ఆరాక పల్చటి పాలిథిన్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద తేలిగ్గా జరపాలి. ఉత్త చేతికి తెలియని గరుకుదనం కవరులోంచి తెలుస్తుంది. అది రైలు పట్టాల నుంచి, బ్రేకుల నుంచి ఎగిరి క్లియర్ కోట్‌లో గుచ్చుకున్న ఇనుప రజను. స్టాక్‌యార్డులో వారాలున్న కార్లకు ఇది మామూలే. ఐరన్ రిమూవర్ చల్లితే ఆ ఇనుముతో కలిసి ఊదారంగులోకి మారి కారిపోతుంది, ఘాటైన గంధకం వాసన వస్తుంది. ఇంకా మిగిలితే క్లే బార్ అనే మెత్తటి ముద్దతో రుద్ది తీస్తారు, అయితే క్లే కూడా రంగుకు రాసుకునేదే కనక నిండా తడిగా ఉంచి, అవసరమైన చోటే వాడాలి.

టెఫ్లాన్, సిరామిక్, పీపీఎఫ్

షోరూమ్ బిల్లులో మొదట కనిపించేది టెఫ్లాన్ కోటింగ్. ఇది వేలల్లో డబ్బు పెట్టదగ్గది కాదు. వంట పెనం మీద టెఫ్లాన్ నిలబడేది కొలిమి వేడిలో. ఆ పదార్థం కరిగేదే 327 డిగ్రీల దగ్గర. కారు రంగు మీద గుడ్డతో రాస్తే అది అతుక్కునే అవకాశమే లేదు. మెరుపు కొన్ని నెలలు కనిపిస్తుంది, ఆ పని మామూలు సీలెంట్ (రంగు మీద రాసే రక్షణ పూత) అంతకంటే చాలా తక్కువ ఖర్చుతో చేస్తుంది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ మెరుపుకు అందంగా ఉంటుంది, మన వేసవిలో నెలా రెండు నెలలకే పోతుంది. సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు ఆగుతుంది. స్వయంగా కడుక్కునేవాళ్లకు ఏడాదికి మూడుసార్లు సీలెంట్ పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

సిరామిక్ కోటింగ్ అంతకంటే గట్టి సరుకు. సిలికా ఆధారిత ద్రావణం రంగుకు రసాయనికంగా పట్టుకుని మైక్రాను, రెండు మైక్రాన్ల పొరగా గట్టిపడుతుంది. నీళ్లు, మురికి తొందరగా జారిపోతాయి, రెట్ట తీయడం తేలికవుతుంది, బాగా వేస్తే రెండు మూడేళ్లు ఉంటుంది. గీతలు పడవన్న ప్రచారం మాత్రం నమ్మకూడదు. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అనేది పెన్సిల్ పరీక్షలోని అంకె. 9హెచ్ పెన్సిల్‌ను 45 డిగ్రీల కోణంలో, సాధారణంగా 750 గ్రాముల బరువుతో జరిపితే గీత పడలేదని మాత్రమే దాని అర్థం. మోస్ కొలమానంలోని 9కీ దీనికీ సంబంధం లేదు. రెండు మైక్రాన్ల పొర ఇసుక పట్టిన గుడ్డను ఆపలేదు. పైగా నీళ్లు ముత్యాల్లా నిలిచే కోటింగ్ మీద బోరు నీళ్ల చుక్కలు ఎండలో ఆరితే మరకలు ఇంకా స్పష్టంగా పడతాయి. సిరామిక్ వేయించి, మర్నాటి నుంచి సెల్లార్‌లో పాత పద్ధతిలోనే తుడిపిస్తే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ఇంకో మాట. కోటింగ్‌కు ముందు "కరెక్షన్" పేరుతో కొత్త కారుకే మూడు విడతల కాంపౌండ్ కొట్టే షాపులున్నాయి. తేలికపాటి ఫినిషింగ్ పాలిష్ మించి ఒప్పుకోనక్కర్లేదు.

రాళ్ల దెబ్బను నిజంగా ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), అంటే రంగు మీద అతికించే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఒక్కటే. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక నుంచి కాపాడటానికి వాడిన ఫిల్ముల నుంచి వచ్చింది ఇది. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసే ఇప్పటి ఫిల్ము 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే కారు రంగు పొరలన్నీ కలిపినదానికంటే ఎక్కువ. సన్నటి గీతలు ఎండ వేడికే మూసుకుపోతాయి. కారంతా వేయిస్తే లక్ష దాటడం మామూలే కనక అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద టిప్పర్ల వెనక తరచూ తిరిగేవాళ్లు ముందు బంపర్, బానెట్, మిర్రర్లు, డోర్ హ్యాండిళ్ల లోపలి గుంటల వరకు వేయించుకుంటే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుంది. చవగ్గా వస్తోందని పీవీసీ ఫిల్ము వేయించుకుంటే ఎండకు పసుపెక్కుతుంది, తీసేటప్పుడు జిగురు మిగులుతుంది. ఏ ఫిల్మో బిల్లు మీద రాయించుకోవాలి.

కొత్త పెయింటు మీద మూడు నెలల వరకు ఏమీ వేయకూడదన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. అది గ్యారేజీలో వేసిన పెయింటుకు వర్తిస్తుంది. ఫ్యాక్టరీలో కారు బాడీని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు కాబట్టి బయటికొచ్చేసరికే రంగు పూర్తిగా గట్టిపడి ఉంటుంది. మొదటి వారంలోనే కడిగి సీలెంట్ పెట్టినా ఇబ్బంది లేదు. గ్యారేజీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు ఉంటాయి కనక 60 డిగ్రీలకు మించి వేడి ఇవ్వరు, ఆ రంగులోని ద్రావకాలు వారాలపాటు బయటికి వస్తూనే ఉంటాయి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా బానెట్ అంచున రాయి తగిలి చుక్కంత రంగు ఊడటం హైవే మీద తప్పదు. లోపలి లోహం కనిపిస్తుంటే తీర ప్రాంతాల్లో ఒక వానాకాలం గడవకముందే తుప్పు మొదలవుతుంది. కారు మీద స్టిక్కరులో, ఎక్కువగా డోర్ ఫ్రేమ్ దగ్గరో ఇంజిన్ దగ్గరో, పెయింట్ కోడ్ ఉంటుంది. దాని ప్రకారం టచ్‌అప్ సీసా తెప్పించుకుని, ఆ చుక్కను ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, అగ్గిపుల్ల మొనతో పల్చగా ఒక బొట్టు పెట్టి, ఆరాక మరొకటి పెట్టాలి. ఒకేసారి లావుగా నింపితే ఉబ్బి కనిపిస్తుంది. ఇది కాల్చిన పెయింటు కాదు కాబట్టి నెలరోజుల వరకు ఆ చోట వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పెట్టకుండా ఉంచాలి.